విమానం దిగాకే అసలు ప్రయాణం

జగ్గయ్యపేట : సప్త సముద్రాలు దాటి వచ్చే మనిషికి సముద్రం మీద కష్టం లేదు. విమానంలో అన్నం పెట్టేవారుంటారు. కప్పుకోను దుప్పటి ఇచ్చేవారుంటారు. ఏ గుమ్మంలోంచి వెళ్లాలో చేయి చాపి చూపేవారుంటారు. విమానం దిగి, సామాను బండి తోసుకుంటూ, అద్దాల తలుపు దాటి బయట కాలు పెట్టగానే ఆ ఆదరణంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పటికి రాత్రి రెండో మూడో అయి ఉంటుంది. సొంత ఊరు సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరం. తల దాచుకోవలసిన లాడ్జి పాతిక కిలోమీటర్ల దూరం. వేల కిలోమీటర్లు సుఖంగా వచ్చిన మనిషి ఆ పాతిక కిలోమీటర్లు ఎలా వెళ్లాలో తెలియక బెంబేలు పడతాడు.

ఇదేదో పట్నంవారి గొడవ, మన పల్లెలకేమిటి అని కొట్టిపారేసే రోజులు కావివి. జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు, కంచికచర్ల - ఏ మండలంలో చూసినా అమెరికాలో చదివే పిల్లలున్న ఇళ్లు, గల్ఫ్ దేశాల్లో పనికి వెళ్లిన మనుషులున్న ఇళ్లు ఉన్నాయి. కూతురి పురుటికని వెళ్లి ఆరు నెలలుండి వచ్చే తల్లులున్నారు. చేను కౌలుకిచ్చి కొడుకును చూసి వచ్చే తండ్రులున్నారు. వీరు వెళ్లేటప్పుడు పది మంది వెంట వెళ్లి సాగనంపుతారు. పెట్టె బరువెంతో రెండుసార్లు తూచి చూస్తారు. తిరిగి వచ్చే వేళ సంగతి మాత్రం "దిగాక చూసుకోవచ్చులే" అని వదిలేస్తారు. అనర్థమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

బేగంపేట నుంచి శంషాబాదుకు

2008 మార్చి వరకు హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో, నగరం నడిమధ్య ఉండేది. దిగినవారికి సికింద్రాబాదు స్టేషను చేరువ. అమీర్‌పేట లాడ్జీలు చేరువ. అర్ధరాత్రి దిగినా ఆటో ఎక్కితే కాసేపట్లో మంచం మీద ఉండేవారు. 2008 మార్చి 23 నుంచి విమానాల రాకపోకలు శంషాబాదుకు మారాయి. కొత్త విమానాశ్రయం పెద్దది. చూడముచ్చటైనది. కాని నగరం దూరమైపోయింది.

ఈ దూరం తగ్గించాలని ప్రభుత్వాలు చాలా డబ్బే ఖర్చు పెట్టాయి. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా పి.వి. నరసింహారావు పైవంతెన తయారయింది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పడింది. ఆ రోడ్డు పెద్ద అంబర్‌పేట దగ్గర మన విజయవాడ రహదారిలో కలుస్తుంది. కనుక జగ్గయ్యపేట కారు నగరంలోకి వెళ్లకుండానే విమానాశ్రయం చేరవచ్చు. అంతా బాగానే ఉంది. అయితే ఇదంతా కారున్నవారికి జరిగిన మేలు. ఔటర్ మీదికి ఆటోను రానివ్వరు, మోటారు సైకిలును రానివ్వరు. మెట్రో రైలు విమానాశ్రయం దాకా ఇంకా రాలేదు. కారు లేని మనిషికి మిగిలినవి రెండే. ఒకటి టాక్సీ, రెండోది ఆర్టీసీవారి పుష్పక్ బస్సు.

విమానాలు రాత్రే ఎందుకు దిగుతాయి?

"పగలు దిగే విమానానికి టిక్కెట్టు తీసుకోలేకపోయారా?" అని అడిగేవారున్నారు. అది ప్రయాణీకుడి చేతిలో ఉన్న పని కాదు. దుబాయి గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనక. పగలంతా పని చేసి అక్కడ రాత్రి పది గంటలకు విమానమెక్కితే ఇక్కడ అప్పటికే పదకొండున్నర. గాలిలో మూడున్నర గంటలు పోతే దిగేసరికి తెల్లవారుజామున మూడు. అమెరికా నుంచి గల్ఫ్ మీదుగా వచ్చేవారు కూడా అక్కడ విమానం మారి ఇలాంటి వేళకే చేరుతుంటారు.

యూరప్ మీదుగా వచ్చినా ఇదే వరస. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో చుట్టుపక్కల జనం నిద్ర చెడకుండా రాత్రి 11 గంటల నుంచి తెల్లవారి 5 గంటల దాకా రాకపోకలను ఆపేశారు. అక్కడ చలికాలంలో పగలు పదకొండింటికి బయలుదేరిన విమానం ఎనిమిదిన్నర గంటలు ఎగిరితే మన దగ్గర సరిగ్గా అర్ధరాత్రి అవుతుంది. వాళ్ల నిద్ర కాపాడే విమానం మన నిద్రవేళకు దిగుతోందన్నమాట. చౌక టిక్కెట్లు తరచుగా అపరాత్రి విమానాలకే దొరుకుతాయి. పేదవాడు, అప్పు చేసి వెళ్లినవాడు చౌక టిక్కెట్టే కొంటాడు. అందువల్ల అపరాత్రి అవస్థ ఎక్కువగా వారి నెత్తినే పడుతోంది.

అద్దాల తలుపు బయట

ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చిన పెద్దవారిని తలచుకోండి. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ముందు రెండు రాత్రులు సరైన నిద్ర లేదు. చేతిలో సెల్‌ఫోను ఉంది గాని అందులోని ఇక్కడి సిమ్ము ఎప్పుడో చచ్చిపోయింది. విమానాశ్రయంలో ఉచితంగా వైఫై వస్తుందంటారు. అది రావాలంటే ఫోనుకు ఒక అంకెల సందేశం రావాలి. సిమ్ము లేనిదే ఆ సందేశం రాదు. ఫోనులో టాక్సీని పిలిచే దారి అక్కడితో మూసుకుపోయింది. ఇక ఎదురుగా ఒక మనిషి నవ్వుతూ వస్తాడు. "ఎక్కడికి పోవాలె పెద్దాయనా? ఎల్బీ నగరా? నా బండి ఆడ్నే ఉంది, రాండ్రి" అంటూ అడగకుండానే సామాను బండి పట్టుకుంటాడు.

వచ్చినవాళ్లందరూ చెడ్డవాళ్లని చెప్పడం అన్యాయం. రాత్రంతా మేలుకుని బిడ్డల కడుపు నింపుకునే డ్రైవర్లే వారిలో ఎక్కువ. కాని ఆ చీకట్లో మంచివాడెవరో, మాయగాడెవరో పోల్చుకునే ఓపిక అలసిన ప్రయాణీకుడికి ఉండదు. చెప్పిన బాడుగ ఒకటి, దిగాక అడిగేది మరొకటి. మధ్యలో టోలు డబ్బులంటారు, పార్కింగు డబ్బులంటారు, రాత్రి చార్జీ అంటారు. "మీరు చెప్పిన లాడ్జి మూసేశారు, నాకు తెలిసిన మంచిది ఉంది" అని వేరే చోటికి తీసుకుపోయేవారు ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నారు. ఆ లాడ్జివాడు ఇచ్చే కమీషను గదికి కట్టే డబ్బులోంచే పోతుంది. ఒక్కోసారి హైదరాబాదు నుంచి జగ్గయ్యపేట బస్సు చార్జీ కంటే విమానాశ్రయం టాక్సీ బాడుగే ఎక్కువవుతుంది.

ఫోనులో పిలిచే టాక్సీలకైనా హద్దు లేకపోలేదు. గిరాకీ ఉన్న వేళ మూల చార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా తీసుకోవచ్చునని కేంద్రం 2020లో మార్గదర్శకాలిచ్చింది. 2025 జులైలో దానిని రెండు రెట్లకు పెంచింది. ఒప్పుకున్న డ్రైవరు సరైన కారణం లేకుండా రానంటే చార్జీలో పదో వంతు, 100 రూపాయలకు మించకుండా, జరిమానా అని కూడా రాశారు. వీటిని అమలు చేయవలసింది రాష్ట్రాలు. మార్గదర్శకాలు కాగితం మీద ఉన్నాయి. ప్రయాణీకుడు రోడ్డు మీద ఉన్నాడు.

బందరు బిడ్డకు జరిగినది

ఇది డబ్బుతో పోయే గొడవైతే ఇంత చెప్పుకోనక్కర లేదు. విమానమైనా రైలైనా, అపరాత్రి దిగిన చోటు నుంచి బస దాకా ఉన్న ఆ చివరి ముక్క ఎంత ప్రమాదమో కృష్ణా జిల్లా ఒకసారి కన్నీళ్లతో తెలుసుకుంది. బందరుకు చెందిన ఒక యువతి ముంబయిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి, విజయవాడలో రైలెక్కి, 2014 జనవరి 5 తెల్లవారుజామున ముంబయిలోని లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగింది. హాస్టలుకు చేరలేదు. పది రోజులు దాటాక రహదారి పక్క పొదల్లో ఆమె శవం దొరికింది.

ఆ కేసులో ఒకరికి 2015లో కింది కోర్టు మరణశిక్ష వేసింది. 2018లో బొంబాయి హైకోర్టు దానిని ఖాయం చేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు సాక్ష్యం చాలదని ఆ మనిషిని నిర్దోషిగా విడిచిపెట్టింది. అంటే పదకొండేళ్లు గడిచాక కూడా ఆ తెల్లవారుజామున జరిగినదానికి శిక్ష అనుభవిస్తున్నవారు ఎవరూ లేరు. తప్పు ఆ బిడ్డది కాదు. తన ఉద్యోగానికి తాను వెళ్లిన పిల్ల ఆమె. రైలు దిగిన ఆడపిల్ల క్షేమంగా హాస్టలు చేరే ఏర్పాటు చేయలేని వ్యవస్థది తప్పు. బిడ్డ పోయాక కోర్టులు ఇచ్చే ఏ తీర్పూ ఆ తల్లిదండ్రులకు బిడ్డను తెచ్చి ఇవ్వలేదు. జాగ్రత్త అనేది ముందే ఉండాలి.

తేదీల తికమక

టాక్సీ దొరికి లాడ్జి చేరితే కష్టాలు తీరినట్టేనా? అక్కడా ఒక గండం ఉంది. చదువుకున్నవారు కూడా దీనిలో పడుతున్నారు. విమానం 12వ తేదీ తెల్లవారుజామున ఒకటిన్నరకు దిగుతుందని టిక్కెట్టు మీద ఉంటుంది. ఇంట్లో కుర్రవాడు ఫోనులో 12వ తేదీకి గది తీసుకుంటాడు. చాలా హోటళ్లలో రోజు మొదలయ్యేది మధ్యాహ్నం పన్నెండు గంటలకు. కొన్నింటిలో ఇంకా ఆలస్యం. రాత్రి మూడింటికి తలుపు తడితే గుమాస్తా పుస్తకం చూసి "మీ గది ఇవాళ మధ్యాహ్నం నుంచండీ" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఆ రాత్రి పడుకోవాలంటే గది 11వ తేదీకి తీసుకోవాలి. అర్ధరాత్రి దాటాక వస్తామని ముందుగా ఫోను చేసి చెప్పాలి. చెప్పకపోతే రాలేదనుకుని ఆ గదిని మరొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది.

లాడ్జీల్లో లెక్క రెండు రకాలు. దిగిన వేళ నుంచి 24 గంటలు లెక్కించేది ఒకటి. మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ చేయమనేది మరొకటి. రాత్రి మూడింటికి దిగినవారు రెండో రకం లాడ్జీలో చేరితే రోజంతటి అద్దె కట్టి తొమ్మిది గంటలే ఉంటారు. ఏ లెక్కో ముందే అడగడానికి సిగ్గుపడనక్కర లేదు. సంతలో పశువును కొనేటప్పుడు పళ్లు చూడమా?

గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండాలి. ఒకరిది చాలదు, గదిలో ఉండే పెద్దవారందరిదీ అడుగుతారు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవడో మనవరాలో వెంట ఉంటే ఇంకొక చిక్కు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే హోటలువారు 24 గంటల్లోగా ఆ వివరాలు ప్రభుత్వానికి పంపాలి. ఆ తలనొప్పి ఎందుకని చిన్న లాడ్జీలవారు గది లేదనేస్తారు. పసిపిల్లను భుజాన వేసుకుని అర్ధరాత్రి మెట్లు దిగవలసిన గతి పట్టకుండా ఆ మాట కూడా ముందే అడిగి ఉంచాలి.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే తికమక. 12వ తేదీ రాత్రి 12.30 గంటల విమానం అంటే 11వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 12వ తేదీ సాయంత్రం ఇంట్లో పెట్టెలు సర్దుకునేవారికి ఆ విమానం ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది.

ఇంటికే పోదామంటే

"లాడ్జి దండగ. ఊరి నుంచి కారు తెప్పించుకుని తెల్లారేసరికి ఇల్లు చేరదాం" అనేవారే ఎక్కువ. ఇంటి మీద బెంగ కొద్దీ అనే మాట అది. కాని ఆ కారు డ్రైవరు సంగతి ఎవరూ ఆలోచించరు. అతను పగలంతా వేరే కిరాయికి తిరిగి, సాయంత్రం రెండు వందల కిలోమీటర్లు నడిపి, విమానం ఆలస్యమైతే అక్కడే దోమల్లో కూర్చుని, మళ్లీ తెల్లవారుజామున అంత దూరమూ నడపాలి. కారులో వెనక కూర్చున్నవాళ్లంతా నిద్రపోతారు. అతనొక్కడే మేలుకోవాలి.

తెల్లవారుజాము నిద్ర ఏం చేయగలదో ఈ రహదారికి తెలుసు. 2017 ఫిబ్రవరి 28న తెల్లవారే వేళ భువనేశ్వర్ నుంచి హైదరాబాదు వెళ్తున్న ఒక ప్రైవేటు బస్సు పెనుగంచిప్రోలు మండలం ముళ్లపాడు దగ్గర రెండు వంతెనల నడుమ ఖాళీలో పడిపోయింది. పది మందికి తగ్గకుండా ప్రాణాలు పోయాయి. నందిగామ ఆసుపత్రి ముందు ఆ రోజు వినిపించిన ఏడుపులు ఈ ప్రాంతంవారు మరచిపోలేదు. డ్రైవరు కునికిపాటే కారణమని అప్పట్లో చాలామంది అన్నారు. కారణం ఏదైనా, రాత్రంతా నడిచిన బండికి తెల్లవారే వేళే గండమని లారీ డ్రైవర్లను అడిగితే చెబుతారు. అందువల్ల రాత్రి నగరంలో ఆగి, నాలుగు గంటలు నడుము వాల్చి, పొద్దుపొడిచాక బయలుదేరడం దండగ ఖర్చు కాదు. లాడ్జికి కట్టే డబ్బు ప్రాణానికి కట్టే బీమా అనుకోవాలి.

ఆగేవారు ఎక్కడ ఆగాలో కూడా ఆలోచించాలి. ఎక్కడో కూకట్‌పల్లిలో తెలిసినవారున్నారని నగరం ఆ చివరికి వెళ్లి, మర్నాడు మళ్లీ ఈ చివరికి రావడం రెట్టింపు శ్రమ. విజయవాడ బస్సులు పోయేది దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ మీదుగా. ఆ చుట్టుపక్కల బస చూసుకుంటే పొద్దున్నే రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కవచ్చు. ఎల్బీ నగర్ వైపు పుష్పక్ బస్సులు కూడా ఉన్నాయి. రాత్రి వేళ పుష్పక్ పలచగా నడుస్తుంది కాబట్టి కొంతసేపు ఎదురుచూడవలసి రావచ్చు. వెలుతురులో, పది మంది మధ్య అరగంట కూర్చోవడం చీకట్లో ముక్కూ ముఖం తెలియని బండి ఎక్కడం కంటే మేలు.

గన్నవరం దగ్గరే, కాని

మనకు దగ్గర విమానాశ్రయం గన్నవరం. 2017లో దానికి అంతర్జాతీయ హోదా వచ్చింది. 2022 అక్టోబరులో అక్కడి నుంచి షార్జాకు విమానం మొదలైంది. ఢిల్లీ నుంచో ముంబయి నుంచో రాత్రి విమానంలో గన్నవరం దిగేవారు శంషాబాదు దిగేవారి కంటే అదృష్టవంతులే. అక్కడి నుంచి విజయవాడ ఇరవై కిలోమీటర్ల దూరమే. అయితే పొద్దుపోయాక సిటీ బస్సులు పలచబడతాయి. విమానం గంట ఆలస్యమైతే ప్రయాణీకుడు మళ్లీ టాక్సీవారి దయ మీద ఆధారపడాలి. విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషను చేరగలిగితే చాలు, అక్కడ రాత్రంతా బస్సులున్నాయి, దీపాలున్నాయి, జనం ఉన్నారు. ఆ ఇరవై కిలోమీటర్లు దాటించేదే కరువు.

బస్సు దొరికి జగ్గయ్యపేటకో నందిగామకో వచ్చినా కథ పూర్తి కాదు. కొన్ని దూరప్రాంతపు బస్సులు ఊళ్లోకి రాకుండా బైపాసు మీదనే దించిపోతాయి. తెల్లవారుజామున నాలుగు గంటలకు రెండు పెట్టెలతో బైపాసు మీద నిలబడిన ఆడమనిషికి అమెరికా కంటే తన ఊరే దూరంగా కనిపిస్తుంది. అక్కడ ఒక నీడ, ఒక దీపం, కూర్చోను ఒక అరుగు ఉంటే ఎంత ధైర్యం!

డబ్బున్నవాళ్లకు బస్సెందుకు?

విమానాల వేళకు బస్సులు వేయాలంటే వెంటనే వచ్చే ప్రశ్న ఇది. "విమానమెక్కే స్తోమతు ఉన్నవాడికి టాక్సీ స్తోమతు లేదా? పల్లెకు రోజుకు రెండు బస్సులే వస్తుంటే విమానాల వాళ్లకు బస్సా?" అంటారు. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పల్లెవెలుగు బస్సును తీసి విమానాశ్రయానికి పంపమని ఎవరూ కోరరు. కాని విమానమెక్కే ప్రతివాడూ షావుకారనే లెక్క ఎప్పుడో మారిపోయింది. గల్ఫ్ నుంచి వచ్చే మేస్త్రీ, వంటమనిషి, డ్రైవరు వెళ్లేటప్పుడు చేసిన అప్పు ఇంకా తీర్చుకుంటూనే ఉంటారు. పొలం తాకట్టు పెట్టి చదువుకు వెళ్లిన పిల్లవాడి చేతిలో లెక్కపెట్టిన డబ్బే ఉంటుంది. కొడుకు పంపిన టిక్కెట్టు మీద వచ్చే ముసలి తల్లి సంచీలో రెండు వందల నోటు ఉంటే గొప్ప. విమానాశ్రయంలో రాత్రి పూట ఊడ్చేవారు, సామాను మోసేవారు, క్యాంటీనులో పని చేసేవారు కూడా ఇంటికి వెళ్లవలసినవారే. బస్సంటూ ఉంటే వారికీ పనికివస్తుంది.

ఇది సాధ్యం కాని కోరికేమీ కాదు. బెంగళూరులో సిటీ బస్సుల సంస్థ వాయువజ్ర పేరుతో విమానాశ్రయానికి బస్సులు నడుపుతోంది. లండన్ మహానగరంలో హీత్రో విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు ఎన్9 అనే సిటీ బస్సు రాత్రంతా తిరుగుతుంది. టాక్సీలకు కొదవ లేని నగరమే అది. అయినా రాత్రి వేళ సామాన్యుడికి బస్సుండాలని వారు అనుకున్నారు.

కావలసినవి పెద్దవేమీ కావు. గన్నవరంలో చివరి విమానం దిగాక బస్ స్టేషనుకు ఒక ఆర్టీసీ బస్సు ఉండాలి. విమానం ఆలస్యమైతే ఆ బస్సూ ఆగాలి. శంషాబాదు నుంచి ఔటర్ మీదుగా సూర్యాపేట, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామలకు ఏ బస్సు ఏ వేళకు దొరుకుతుందో రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ కలిసి వేళలు కుదిర్చి, ఆ పట్టికను మన బస్టాండ్లలో, పంచాయతీ ఆఫీసుల్లో అతికించాలి. విమానాశ్రయాల తలుపు బయట ఏ చోటుకు ఎంత బాడుగో పెద్ద తెలుగు అక్షరాలతో బోర్డు పెట్టాలి. బైపాసుల మీద బస్సులాగే చోట దీపం, నీడ ఏర్పాటు చేయాలి. కొత్త రోడ్లకు, వంతెనలకు అయిన ఖర్చుతో పోలిస్తే ఇదెంత? ప్రజాప్రతినిధులు కూడా తరచు విమానాల్లో తిరిగేవారే. వారికోసం బయట కారు ఆగి ఉంటుంది కాబట్టి ఈ బాధ వారి కంట పడటం లేదేమో. ఒక్క రాత్రి కారు లేకుండా బయటికి వచ్చి చూస్తే తెలుస్తుంది.

దీపముండగానే

ప్రభుత్వం చేసేదాకా ప్రయాణీకుడు చేతులు ముడుచుకు కూర్చోలేడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. అపరాత్రి ప్రయాణపు చివరి ముక్కను పట్టపగలు, ఇంటి అరుగు మీద కూర్చుని తేల్చుకోవాలి. వచ్చేవారి సిమ్ముకు ఊళ్లో ఉన్నవారే ముందురోజు డబ్బు కట్టి బతికించి ఉంచాలి. టాక్సీని ఊళ్లోనే మాట్లాడి, బండి నంబరు, డ్రైవరు ఫోను నంబరు, టోలుతో కలిపి మొత్తం బాడుగ కాగితం మీద రాసుకోవాలి. లాడ్జి పేరు, వీధి, ఫోను నంబరు కూడా కాగితం మీద ఉండాలి. ఫోనులో చార్జింగు అయిపోయినా కాగితం అయిపోదు.

ఎవరినీ ముందుగా మాట్లాడుకోకపోతే లోపలే, కౌంటరు దగ్గరే డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి. బయట పలకరించే మనిషి వెంట నడవరాదు. ఎక్కబోయే బండికి పసుపు రంగు నంబరు పలక ఉందో లేదో చూడాలి. బ్యాటరీ బండి అయితే ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల పలక ఉన్నది సొంత వాడకపు బండి, దానికి బాడుగకు తిరిగే అనుమతి లేదు. 2019 జనవరి తరువాత రిజిస్టరయిన టాక్సీల్లో ఆపదలో నొక్కే మీట ఉండాలని నిబంధన. అది ఎక్కడుందో కూర్చోగానే చూసుకోవాలి. బండి నంబరు ఇంటికి ఫోనులో బిగ్గరగా, డ్రైవరు వినేలా చెప్పాలి. ఏ మాత్రం అనుమానం వచ్చినా 112కు ఫోను చేయాలి.

ఏదీ కుదరకపోతే ఇంకొక దారి ఉంది. అది అన్నిటికంటే చౌక. తెల్లవారేదాకా విమానాశ్రయంలోనే కూర్చోవడం. అక్కడ దీపాలున్నాయి, పోలీసులున్నారు, టీ దొరుకుతుంది, మరుగుదొడ్డి ఉంది. మూడు గంటలు ఓపిక పడితే పొద్దు పొడుస్తుంది, బస్సులు పెరుగుతాయి. ఇన్ని నెలలు ఆగినవారు ఇంకో మూడు గంటలు ఆగితే కొంపలేం మునగవు.

ఊళ్లో ఎదురుచూసేవారు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. "ఎంత రాత్రయినా వచ్చేయండి" అని ఫోనులో తొందరపెట్టేది వారే. దానికి బదులు "ఆగి, పడుకుని, పొద్దున్నే రండి" అంటే చాలు. పొయ్యి మీది అన్నం చల్లారినా మళ్లీ వండుకోవచ్చు. మనిషి క్షేమంగా గుమ్మంలోకి రావడమే పండగ.